ఆ రాత్రి బ్యాకప్ అయిందని ఎవరు చెప్పాలి?

ఆడిట్ సీజన్‌లో ఒక కంపెనీ నుంచి ఫోను వచ్చింది. రొయ్యల ఎగుమతి వ్యాపారం వాళ్ళది. విశాఖలో గాజువాక దాటాక ప్లాంటు, సిరిపురంలో ఆఫీసు. వాళ్ళ సర్వర్లు, బ్యాకప్‌లు చూసే పని అంతకు కొద్ది నెలల ముందే వేరేవాళ్ళ దగ్గర్నుంచి మా చేతికి వచ్చింది. ఆడిటర్ గారు అడిగింది చిన్న ప్రశ్నే. "జూలైలో అకౌంట్స్ సర్వర్‌కి రోజూ బ్యాకప్ అయిందా? అయినట్టు ఏదైనా చూపిస్తారా?"

జూలై నెలాఖరు ఫుల్ బ్యాకప్ టేపు మీద భద్రంగా ఉంది. కావాలంటే అక్కడికక్కడే రీస్టోర్ చేసి, అంటే డేటాని వెనక్కి తెచ్చి చూపిస్తాం. కానీ రోజూ అయిందా అంటే చెప్పడానికి ఏమీ లేదు. రోజువారీ ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లు (ముందుదాని తర్వాత మారినవి మాత్రమే తీసేవి) గడువు తీరి ఎప్పుడో పోయాయి. అవి జరిగాయని చెప్పే జాబ్ హిస్టరీ (నడిచిన ఒక్కో బ్యాకప్ పనిని జాబ్ అంటాం) అంతకన్నా ముందే పోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో జాబ్‌ల వివరాలు మూడు రోజుల పైచిలుకు మాత్రమే నిలుస్తాయి. పెంచుకునే వీలుంది గానీ మాకు ముందు చూసినవాళ్ళు ఆ సెట్టింగు ముట్టుకోలేదు.

ఆడిటర్ గారు కోప్పడలేదు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. అకౌంట్స్ మేనేజర్ మాత్రం నన్ను పక్కకి పిలిచి నిజంగానే అర్థంకాక అడిగారు: "బ్యాకప్ ఉంది కదండీ, ఉంటే చాలదా?"

చాలదు. ఎందుకు చాలదో అప్పుడు నిలబడి చెప్పే వీలు లేకపోయింది కాబట్టి ఇక్కడ తీరిగ్గా చెప్పుకుంటాను. ఏ సర్వర్‌కి, ఏ రాత్రి, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసింది, ఎంత డేటా వచ్చింది, పాసైందా ఫెయిలైందా, ఫెయిలైతే ఎవరేం చేశారు: ఈ చరిత్రని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దయకి వదిలేయకుండా బయటికి తీసి, విడిగా, ఏళ్ల తరబడి దాచాలన్నది నా వాదన. ఒక బ్యాకప్ ఎంతకాలం ఉంటుందో, దాని జాబ్ రికార్డు కనీసం అంతకాలం ఉండాలి. కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలి.

సాఫ్ట్‌వేర్లు ఎంత గుర్తుపెట్టుకుంటాయి

నెట్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ ఏమీ మార్చకపోతే జాబ్ వివరాలు ఉండేది 78 గంటలు. శుక్రవారం రాత్రి ఏమైందో మంగళవారం మధ్యాహ్నం అడిగితే ఆ తెర మీద కనపడదు. ఆరకిల్ డేటాబేస్‌లో దాని బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్ వాడుతూ, బ్యాకప్‌ల చిట్టా (రికవరీ క్యాటలాగ్) విడిగా పెట్టుకోని చోట, డేటాబేస్ తన వివరాలు రాసుకునే కంట్రోల్ ఫైల్‌లోని రికార్డుల గడువు మామూలుగా 7 రోజులు. అమెజాన్ క్లౌడ్‌లోని ఏడబ్ల్యూఎస్ బ్యాకప్‌లో జాబ్‌ల జాబితా అడిగితే గత 30 రోజులవే ఇస్తుంది. వీమ్ అనే ఇంకో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కాస్త ఉదారం, 53 వారాలు ఉంచుతుంది.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో జాబ్‌లు నడిపే ఏజెంట్ సంగతి చాలామందికి తెలియదు. అన్ని జాబ్‌లకీ కలిపి 1000 వరుసలు (టేబుల్‌లో ఒక్కో నమోదు ఒక్కో వరుస), ఒక్కో జాబ్‌కి 100 వరుసలు, అంతే. జాబ్ నడిచిన ప్రతిసారీ కనీసం రెండు వరుసలు పడతాయి. పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల బ్యాకప్) పెట్టుకున్న చోట 100 వరుసలంటే సగం రోజు. పొద్దున్న పదింటికి ఆఫీసుకొచ్చిన మనిషికి నిన్న సాయంత్రం ఏడింటి సంగతే కనపడదు. ఆ సర్వర్ సొంత వివరాలుండే ఎంఎస్‌డీబీలోని బ్యాకప్‌సెట్ టేబుల్ మాత్రం ఎవరూ తుడవకపోతే పెరుగుతూనే ఉంటుంది. అయితే అందులో పూర్తయిన బ్యాకప్‌లే ఉంటాయి. ఫెయిలైన రాత్రుల ఊసు ఉండదు.

దీనికి ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలని తప్పుపట్టను. నిన్న రాత్రి ఏమైందని పొద్దున్నే చూసుకుని, పోయినదాన్ని మళ్ళీ నడిపే ఆపరేటర్ కోసం చేసిన తెరలవి. లక్ష వరుసలు నింపితే ఆ తెర నిమిషాల తరబడి తెరుచుకోదు, ఆపరేటర్ పని ఆగుతుంది. మన విశాఖ పోర్టులో సముద్ర మట్టం కొలిచే టైడ్ గేజ్ ఉంది. ఓడని లోపలికి తెచ్చే పైలట్‌కి కావలసింది ఈ పూట పోటు ఎంత అన్నదే, రేపటికి ఆ అంకెతో ఆయనకి పని లేదు. కానీ 1937 నుంచి ఆ రీడింగులు దాచిపెట్టబట్టే ఈ తీరంలో సముద్రం పెరుగుతోందా, ఎంత పెరుగుతోందన్న లెక్కకి ఇవాళ అవి ఆధారమయ్యాయి. రెండు అవసరాలూ నిజమే. పైలట్ తెర మీద ఎనభై ఏళ్ల అంకెలు పెట్టమని ఎవరూ అడగరు, ఆయన చూసేశారు కదా అని వాటిని పారేయరు కూడా. మన రంగంలో మాత్రం ఆపరేటర్ చూడడం అయిపోయాక పారేయడమే ఆనవాయితీగా మారింది.

క్యాటలాగ్ ఉందిగా అంటే

మధురవాడలో ఉండే మిత్రుడొకడు ఒక పెద్ద కంపెనీలో స్టోరేజీ చూస్తాడు, ఈ పనిలో నాకన్నా అనుభవం ఎక్కువ. ఇదంతా చెప్తే కొట్టిపారేశాడు. "క్యాటలాగ్ ఉందిరా బాబూ. ఏ ఇమేజ్ (బ్యాకప్ కాపీ) ఎప్పటిది, ఏ టేపు మీదుంది, అన్నీ అందులో ఉంటాయి. జాబ్ లిస్టు మళ్ళీ ఎందుకు?"

నాకెదురైన వాదనల్లో బలమైనది ఇదే. రీస్టోర్ చేయడానికి జాబ్ హిస్టరీ అక్కర్లేదు, క్యాటలాగ్ చాలు. రోజూ ఈ పని చేసేవాడికి బ్యాకప్ అంటే రీస్టోరే కాబట్టి వాడు అలా అనడంలో ఆశ్చర్యం లేదు.

అయితే క్యాటలాగ్‌కి తెలిసినవి బతికున్న ఇమేజ్‌లు మాత్రమే. గడువు తీరిన రోజున ఇమేజ్‌తో పాటు దాని వివరమూ పోతుంది. జూలై ఇంక్రిమెంటల్‌ల గతి అదే అయింది. ఇక ఫెయిలైన జాబ్‌కి ఇమేజే ఉండదు కాబట్టి అది క్యాటలాగ్‌లోకి ఎప్పుడూ రాదు. మూడు రాత్రులు వరసగా ఫెయిలై నాలుగో రాత్రి పాసైతే, క్యాటలాగ్‌లో కనిపించేది నాలుగో రాత్రి ఒక్కటే. మిగతా మూడు రాత్రులు ఫెయిలయ్యాయా, ఎవరైనా ఆపేశారా, అసలు షెడ్యూలే లేదా అన్నది అందులో వెతికినా దొరకదు.

ఇదంతా విన్నాక వాడు ఒక్క మాటన్నాడు: "ఆడిటర్ కోసమైతే దాచుకో, టెక్నికల్‌గా మాత్రం ఉపయోగం లేదు." ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆడిటర్ అడగడం ఈమధ్య వచ్చిన అవసరం, సాంకేతిక అవసరం ముందునుంచీ ఉన్నదే.

స్టేటస్ సున్నా

మేం చూసే ఇంకొక చోట ఫైల్ సర్వర్ బ్యాకప్ ప్రతి రాత్రీ స్టేటస్ సున్నాతో ముగిసేది. సున్నా అంటే ఏ లోపమూ లేకుండా పూర్తయిందని. పొద్దున వచ్చే మెయిల్‌లో పచ్చగా ఉండేది. పని తీసుకున్న కొత్తలో అక్కడ పడివున్న పాత రిపోర్టు ఫైళ్ళన్నీ ఏరి ఒక టేబుల్‌లోకి ఎక్కించి, ఆ సర్వర్ ఫుల్ బ్యాకప్ సైజుల్ని తేదీల వారీగా గీసి చూశాం. నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతూ వస్తున్న గీత ఒక ఆదివారం ఒక్కసారిగా కింద పడింది, ఉన్నదాంట్లో పదో వంతుకి. ఆ తర్వాత చాలా నెలలు అక్కడే పాకుతోంది, ప్రతి వారం సున్నా స్టేటస్‌తోనే.

సంగతేమిటంటే, డిస్కు నిండిపోతోందని అక్కడివాళ్ళు డ్రాయింగుల ఫోల్డర్లన్నిటినీ కొత్త డ్రైవ్‌కి మార్చారు. ఏవి తీయాలో చెప్పే బ్యాకప్ పాలసీలో మాత్రం పాత డ్రైవ్ పేరే ఉంది. సాఫ్ట్‌వేర్ తనకి చెప్పిన పని తప్పకుండా చేసింది. చెప్పిన చోట మిగిలింది కొంచెమే, ఆ కొంచెమే పట్టుకెళ్ళింది. అక్కడి సిస్టమ్ అడ్మిన్ కుర్రాడికి ఆ గీత చూపిస్తే కాసేపు మాట రాలేదు. తర్వాత మెల్లగా, "అన్నా, అయితే కొత్త డ్రైవ్‌కి ఇన్నాళ్లూ బ్యాకపే లేదన్నమాట" అన్నాడు. ఆ డ్రైవ్ చెడిపోకముందే దొరకడం వాళ్ళ అదృష్టం. మూడు రోజుల హిస్టరీలో ఇది పట్టుబడే అవకాశమే లేదు. ఈ ఆదివారం సైజుని పోయిన ఆదివారంతో పోల్చినా, పడిపోయిన ఆ ఒక్క వారం దాటాక రెండూ ఒకేలా కనపడతాయి.

అదే కంపెనీలో ఇంకో సర్వర్‌కి నెలకి ఒకటి రెండు సార్లు స్టేటస్ 196 వచ్చేది. బ్యాకప్‌కి ఇచ్చిన సమయం ముగిసిపోవడంతో జాబ్ మొదలే కాలేదని దానర్థం. వచ్చిన ప్రతిసారీ మర్నాడు పగలు చేత్తో నడిపేవారు, పాసయ్యేది, ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవారు. ఏడాది వరుసల్ని పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ నెలాఖరు రాత్రులే. ఆ రాత్రుల్లో స్టాకు క్లోజింగ్ నడుస్తుంది, డేటాబేస్ బ్యాకప్ నిదానిస్తుంది, దాని వెనక వరసలో ఉన్న ఈ సర్వర్‌కి తెల్లవారేదాకా వంతు రాదు. వ్యాపారానికి అన్నిటికన్నా ముఖ్యమైన రాత్రే బ్యాకప్ తప్పిపోతోందన్నమాట. విడివిడిగా చూసినప్పుడు అది ఎప్పుడో ఒకసారి వచ్చే చిన్న ఎర్రర్ మాత్రమే. బ్యాకప్‌లని రాత్రి పది గంటలకి బదులు ఎనిమిదికి మొదలుపెట్టడంతో సరిపోయింది.

ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ సంగతీ ఇలాంటిదే. ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ అయిపోతే మామూలుగా రెండు మూడు జీబీ వచ్చే ఇంక్రిమెంటల్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న డేటాని ఒక్కసారే దాచడం) నిష్పత్తి పడిపోతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దీన్ని తామే కనిపెడతామంటున్నాయి. అవైనా పోల్చుకోవాల్సింది పాత జాబ్‌లతోనే. పాతది లేకపోతే మామూలు ఏదో, అసాధారణం ఏదో దేనికీ తెలియదు.

వరుసే పడని రాత్రులు

ఇక్కడ నా వాదనలోనే ఒక లోటుంది. జాబ్ హిస్టరీ ఎంత దాచినా, అందులో ఉండేది మొదలైన జాబ్‌ల కథే. షెడ్యూలుని ఎవరో డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చేయడం మరిచిపోతే, కొత్త సర్వర్‌ని పాలసీలో చేర్చనే లేకపోతే, బ్యాకప్ సర్వరే ఆగిపోతే ఫెయిల్ అన్న వరుస కూడా పడదు. రిపోర్టులో ఎరుపు కనపడదు, నూటికి నూరు వస్తుంది.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగినది ఈ రంగంలో అందరికీ తెలిసినదే, వాళ్ళే అంతా విప్పి చెప్పారు. ప్రధాన డేటాబేస్ పొరపాటున చెరిగిపోయి, బ్యాకప్‌ల కోసం వెతికితే రోజూ వెళ్ళాల్సిన చోటు ఖాళీగా ఉంది. పోస్ట్‌గ్రెస్ 9.6 డేటాబేస్ మీద, దాని కాపీ తీసే డంప్ ప్రోగ్రామ్ పాత 9.2 వెర్షన్‌ది నడుస్తూ ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైనట్టు మెయిళ్ళు వెళ్తున్నాయి గానీ మెయిల్ అసలైనదేనని తేల్చే డీమార్క్ ఏర్పాటు వాటికి లేదని అవతలి సర్వర్ వాటిని తిప్పికొడుతోంది. ఎవరికీ మెయిల్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నారు. ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఉండబట్టి నష్టం ఆ ఆరు గంటల డేటాతో ఆగింది. ఫెయిలైన జాబ్‌ల మెయిళ్ళు లెక్కపెట్టే పద్ధతి అక్కడ ఎందుకూ పనికిరాలేదు. 'నిన్న రాత్రి రావాల్సినవి ఇన్ని, వచ్చినవి ఎన్ని' అని రోజూ లెక్క చూసే టేబుల్ ఒకటి ఉండుంటే మొదటి వారంలోనే సున్నా కనపడేది.

అందుకే జాబ్ వరుసలతో పాటు, ఆ రోజు ఏ సర్వర్లకి బ్యాకప్ జరగాలో ఆ జాబితానీ తేదీతో సహా దాచాలంటాను. ఈ రోజున్న జాబితా దాస్తే చాలదు. గత మార్చిలో ఏవేవి ఉండాల్సినవో తెలియాలంటే గత మార్చి జాబితానే కావాలి.

ఈ సంగతి నాకు బలంగా తట్టింది ఒక కాగితాల పుస్తకం చూసినప్పుడు. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ కంప్యూటర్ ఆపరేటర్ గారు సర్వర్ రూమ్ బీరువాలోంచి పొడుగాటి రూళ్ల రిజిస్టర్లు తీసి చూపించారు. అట్ట మీద తెల్ల కాగితం అంటించి సంవత్సరం రాసి ఉంది. లోపల స్కేలుతో గీసిన నిలువు గీతలు: తేదీ, టేపు నంబరు, సర్వర్, స్టేటస్, రిమార్కులు, సంతకం. పాసైనవి నీలం పెన్ను, ఫెయిలైనవి ఎరుపు. ప్రతి ఎర్ర గీతకీ రిమార్కుల్లో ఏదో ఒకటి ఉంది: 'టేపు డ్రైవ్ క్లీనింగ్ చేసి మళ్ళీ నడిపాం', 'నెట్‌వర్క్ కేబుల్ వదులు'. "ఎవరు రాయమన్నారండీ?" అని అడిగాను. "ఎవులూ రాయమన్లేదు బాబూ, ఎప్పుడైనా ఎవులైనా అడుగుతారని రాసుకున్నాను" అన్నారు.

2014 రిజిస్టర్‌లో అక్టోబరు 12 కోసం వెతికాను, హుద్‌హుద్ ఊరి మీద పడ్డ రోజు. ఆ ఆదివారం నుంచి వరసగా ప్రతి తేదీ కిందా ఎర్ర పెన్నుతో రాసి ఉంది. 'కరెంటు లేదు. సర్వర్లు ఆపి ఉంచాం.' 'కరెంటు లేదు. డీజిల్ దొరకలేదు.' 'లేదు.' తర్వాత ఒక రోజు 'జెనరేటర్ మీద అకౌంట్స్ సర్వర్ ఒక్కటీ ఆన్ చేసి ఫుల్ తీశాం'. ఏ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లోనూ ఆ రోజులకి వరుసే ఉండదు, ఎందుకంటే ఏదీ నడవలేదు. ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో, ఎప్పుడు పూడిందో చెప్పగలిగినది ఆ పుస్తకం ఒక్కటే. తర్వాత మేం కట్టుకున్న టేబుల్‌లో రిమార్కులకి ఒక కాలమ్ పెట్టింది ఆయన్ని చూసే.

నెలకో పర్సెంటేజీ

చాలా కంపెనీల్లో "మా దగ్గర హిస్టరీ ఉంది" అని చూపించేది నెలవారీ పీడీఎఫ్. 'బ్యాకప్ సక్సెస్ 98.6 శాతం' అని పెద్ద అక్షరాలు, కింద ఒక గుండ్రటి చిత్రం. పన్నెండు నెలలవి పన్నెండు ఫైళ్ళు ఫోల్డర్‌లో ఉంటాయి, అవే చరిత్ర అనుకుంటారు.

ఆ అంకెని నమ్మను. ఎలా కట్టారో చెప్పని శాతానికి అర్థం లేదు. మొదటి ప్రయత్నంలో ఫెయిలై మూడోసారి పాసైనదాన్ని ఒక పాస్‌గా లెక్కపెట్టారా, రెండు ఫెయిళ్ళు ఒక పాసుగానా? స్టేటస్ 1 ఏ లెక్కలోకి వెళ్ళింది? కొన్ని ఫైళ్ళు మాత్రం రాలేదని చెప్పే కోడ్ అది. ఎవరో తెరిచి ఉంచిన పనికిరాని టెంప్ ఫైల్ కావచ్చు, ట్యాలీ డేటా ఫోల్డరే కావచ్చు. పావుగంటకోసారి నడిచే చిన్న లాగ్ బ్యాకప్‌లు రోజుకి 96, రాత్రికోసారి నడిచే పెద్ద డేటాబేస్ ఫుల్ ఒకటి. అన్నీ కలిపి శాతం కడితే ఆ పెద్దది నెలంతా ఫెయిలైనా అంకె 98 కిందకి దిగదు. లెక్క వేసి చూడండి: నెలకి 2,880 చిన్నవి, 30 పెద్దవి.

ఏ కోణంలో అడుగుతారో ముందు తెలియదు కాబట్టే ముడి వరుసలు దాచమంటాను. వరుసలుంటే ఏ శాతమైనా తర్వాత కట్టుకోవచ్చు. శాతం నుంచి వెనక్కి వరుసల్లోకి వెళ్ళే దారి లేదు.

"దాస్తే మన మెడకే చుట్టుకుంటుంది"

ద్వారకానగర్‌లో ఒక సంస్థ యజమాని ఈ ప్రతిపాదన విని ముక్కుసూటిగా చెప్పారు. "ఫెయిలైన రాత్రుల లిస్టు ఎనిమిదేళ్లు దాచి ఎవరికి చూపిస్తాం? రేపు కస్టమర్ కేసు వేస్తే వాళ్ళ లాయరు ముందు అడిగేది అదే. లేనిదాన్ని అడగలేరు కదా." ఆయన మాటని తేలిగ్గా తీసుకోలేను. ఫెయిలైన వరుసలుండి, వాటి పక్కన ఎవరూ ఏమీ చేయలేదని తెలిస్తే ఆ రికార్డు నిజంగానే యజమానికి వ్యతిరేక సాక్ష్యం అవుతుంది.

కానీ ఈ ఆలోచనలో రెండు చిక్కులున్నాయి. మొదటిది చట్టం. కంప్యూటర్‌లో లెక్కలు ఉంచే కంపెనీలు వాటి బ్యాకప్‌ని దేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉంచాలి, అదీ రోజూ. అప్పుడప్పుడు తీసుకుంటే సరిపోతుందన్నట్టుండే నిబంధనని 2022 ఆగస్టులో 'రోజూ' అని మార్చారు. లెక్కల పుస్తకాలు దాచాల్సింది 8 ఆర్థిక సంవత్సరాలు. రోజూ తీశామని ఇన్నేళ్ల తర్వాత చెప్పుకోవాలంటే 78 గంటల జ్ఞాపకంతో కుదరదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కూడా కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లన్నీ 180 రోజులు దేశంలోనే దాచాలని ఉంది. బ్యాకప్ జాబ్ లాగ్ అందులోకి రాదని వాదించేవాళ్ళున్నారు. బ్యాకప్ సర్వర్ కంప్యూటర్ వ్యవస్థ కాకుండా ఎలా పోతుందో నాకు అర్థం కాదు.

రెండోది అంతకన్నా ముఖ్యం. రికార్డు లేకపోతే చెడ్డ రాత్రులు ఒక్కటే పోవు, మంచి రాత్రులూ పోతాయి. ఏడాదిలో 350 రాత్రులు పద్ధతిగా బ్యాకప్ తీసిన సంస్థ కూడా ఒక్క రాత్రి గురించి అడిగితే ఖాళీ చేతులు చూపించాల్సిందే. అదే రికార్డు ఉండి, ఫెయిలైన ప్రతి వరుస పక్కనా 'మర్నాడు పదకొండింటికి మళ్ళీ నడిపాం, పాసైంది' అని రిమార్కు ఉంటే అది సంస్థ పక్షాన నిలబడే కాగితం. ఫెయిలవడాన్ని ఎవరూ నేరంగా చూడరు. ఫెయిలైందని తెలిసి ఊరుకుంటేనే నిలదీస్తారు. ఒకటి మాత్రం ఆయనతో ఒప్పుకుంటాను: ఎంతకాలం దాచాలో ముందే కాగితం మీద రాసుకోవాలి, గడువు తీరాక మంచీ చెడూ చూడకుండా అన్నిటినీ ఒకేలా చెరపాలి. ఎర్రవి మాత్రం ఏరి తీసేయడమంటే లేకపోవడం కన్నా ఘోరం.

భద్రత గురించిన అభ్యంతరం దీనికన్నా నిజమైనది. ఈ వరుసల్లో సర్వర్ల పేర్లు, ఫోల్డర్ల దారులు, ఏ యంత్రానికి బ్యాకప్ బలహీనంగా ఉందో అన్నీ ఉంటాయి. దాడి చేసేవాడి చేతికి ఇస్తే ఇంటి ప్లానే ఇచ్చినట్టు. కాబట్టి ఫోల్డర్ల దారులు తీసేసి దాస్తాం, చూసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇస్తాం. ఇంకా ముఖ్యంగా, అది బ్యాకప్ సర్వర్‌లోనే ఉండకూడదు, అదే డొమైన్‌లోనూ (ఒకే లాగిన్ వ్యవస్థ కింద ఉన్న యంత్రాల గుంపు) ఉండకూడదు. రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి రాగానే మొదట వెతికేది బ్యాకప్ సర్వర్‌నే. అది పడిపోయాక అందరూ అడిగే మొదటి ప్రశ్న, 'చివరి మంచి బ్యాకప్ ఎప్పటిది?' దానికి జవాబున్న హిస్టరీ ఆ సర్వర్‌తో పాటే తగలబడితే దాచి ప్రయోజనం లేదు.

మేం చేసేది

పద్ధతి పెద్దదేం కాదు. రోజూ మధ్యాహ్నం నెట్‌బ్యాకప్‌లో బీపీడీబీజాబ్స్ కమాండ్‌తో అన్ని కాలమ్‌లూ ఫైల్‌లోకి తీస్తాం. దాన్ని వేరే చోటున్న పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లోకి ఎక్కిస్తాం. మిగతా సాఫ్ట్‌వేర్ల నుంచీ అలాగే. మధ్యాహ్నమే ఎందుకంటే రాత్రి పదకొండింటికి మొదలైన జాబ్ తెల్లారి ముగుస్తుంది. దాన్ని ఏ తేదీ కింద రాయాలన్న తగువు రాకుండా మా బ్యాకప్ రోజు మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా. సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) దాచి, చూపించేటప్పుడు మాత్రమే ఐదున్నర గంటలు కలుపుతాం. జాబ్ నంబరు ఒక్కటీ చాలదు, సర్వర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే అది ఒకటి నుంచి మొదలవుతుంది, అందుకని సర్వర్ పేరు, మొదలైన సమయం కూడా కలిపి గుర్తుగా పెట్టుకున్నాం. రీస్టోర్ చేసి చూసిన ప్రతిసారీ దానికీ ఒక వరుస రాస్తాం. స్టేటస్ సున్నా అన్నది సాఫ్ట్‌వేర్ మాట, తెరిచి చూశామన్నది మన మాట.

చోటు గురించి భయపడేవాళ్ళకి: రోజుకి 400 జాబ్‌లనుకున్నా ఏడాదికి 1,46,000 వరుసలు. వరుసకి ఒక కేబీ వేసుకున్నా 150 ఎంబీ లోపే. ఎనిమిదేళ్లకి జీబీ పైచిలుకు.

ఆ సాఫ్ట్‌వేర్ సొంత రిపోర్టింగ్ ఉత్పత్తిలోనే దాచుకోవచ్చు కదా అని అడుగుతారు. నెట్‌బ్యాకప్ సంగతే చూడండి. దాని తయారీ సంస్థ వెరిటాస్‌ని 2005లో సిమాంటెక్ కొంది, 2016లో మళ్ళీ విడిపోయింది, 2024 డిసెంబరులో దాని డేటా ప్రొటెక్షన్ వ్యాపారం కొహెసిటీలో కలిసింది. ఈలోగా రిపోర్టులకి వాడుతూ వచ్చిన ఆప్స్‌సెంటర్‌కి కాలం చెల్లింది, దాని స్థానంలో ఐటీ అనలిటిక్స్ అన్నారు. ఎనిమిదేళ్లు నిలవాల్సిన రికార్డుని అంతకన్నా తొందరగా యజమానులు మారే చోట పెట్టలేను. మామూలు టేబుల్, మామూలు టెక్స్ట్ ఫైల్ అయితే ఎవరొచ్చినా చదువుకుంటారు. మా తర్వాత ఈ పని ఇంకెవరికి ఇచ్చినా ఆ ఫైళ్ళు కంపెనీవి, మావి కావు. పాత కాంట్రాక్టర్‌తో పాటు చరిత్రా వెళ్ళిపోవడం ఈ ఊళ్ళో చాలాచోట్ల చూశాను.

ఇప్పుడు రాస్తున్న కొత్త ఒప్పందాల్లో ఇదంతా ఒక పేరాగా పెడుతున్నాం: జాబ్ వరుసలు, ఆ రోజు జాబితా, రిమార్కులు, దాచే గడువు, చెరిపే పద్ధతి. రొయ్యల కంపెనీ వాళ్ళు 8 ఏళ్లకి వెంటనే సరేనన్నారు. ద్వారకానగర్ ఆయన మాత్రం 8 కొట్టేసి 3 రాశారు. మిగతా సర్వర్లకి 3 సరేనని, అకౌంట్స్ సర్వర్‌కి 8 ఉంచాల్సిందేనని తిరిగి పంపాను. ఆ ఒక్క లైను మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఈలోగా వాళ్ళ వరుసలు రోజూ టేబుల్‌లోకి ఎక్కుతూనే ఉన్నాయి, దానికి మాత్రం ఆయన వద్దనలేదు.